టైరుకు పట్టిన చెమట

ఆయుధపూజ ముందురోజు కురబలకోటలో కారు కడగడానికి కూర్చున్నాను. అంగళ్లు రోడ్డు ఎర్రమట్టి సబ్బునీళ్లకు పోయింది. దాని కింద గోధుమరంగు మాత్రం బ్రష్షు అరిగినా పోదే! “డీజిల్ గుడ్డ పెట్టి తుడిస్తే నిగనిగలాడతాది సార్” అన్నాడు పక్కింటి పిల్లోడు.

ఆ పని చెయ్యకూడదు. డీజిలుకు రబ్బరు ఉబ్బి చెడుతుంది. పైగా, ఆ గోధుమరంగు ఒట్టి మురికి కాదు. గాలిలోని ఓజోను తగిలి రబ్బరు బీటలు వారకుండా, తయారీలోనే ఒక మందు కలుపుతారు. అది లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి ఊరి, రబ్బరు తినాల్సిన దెబ్బ తాను తిని రంగు మారుతుంది. సబ్బుతో కడిగి నీడన నిలిపితే కొంత నయం. తర్వాత మళ్లీ ఊరుతుంది, ఊరాలి కూడా. పాపం, కాపలావాణ్ణి పట్టుకుని దొంగని రుద్దినట్టయింది నా పని!

అంతటితో ఆగితే బాగుండేది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వానపడ్డప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్ చేపలు ఎందుకు చస్తున్నాయో 2020లో తేలింది. ఈ మందే ఓజోనుతో కలిసి విషమై, టైరు అరుగుడుతో పాటు నీళ్లలోకి చేరుతోంది. అన్ని జాతుల చేపలనూ అది చంపదనుకోండి. అయినా నా బండి చల్లగా ఉండడానికి ఎక్కడో ఒక చేప చావాలా? మందు లేకపోతే టైరు పగిలి మనుషులే పోవచ్చు, అదీ నిజమే.

బకెట్టు నీళ్లు కాలవలో పొయ్యబోయి ఆగాను. అది చెరువులో కలుస్తుంది. ఎక్కడ పొయ్యాలో తోచక నిలబడ్డాను.

“రేపటికి నిమ్మకాయలు నాలుగు చాలు కదా సార్?” అన్నాడు పిల్లోడు.