పాట బాధపెట్టవచ్చా?

పాట మనసుకు హాయినివ్వాలని అందరం అంటాం. మరి బాధపెట్టే పాట పాడితే తప్పా?

బిల్లీ హాలిడే అమెరికాలో గొప్ప జాజ్ గాయని. ప్రేమ పాటలతో పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ల గుంపులు నల్లజాతివాళ్లను చంపి చెట్లకు వేలాడదీసేవి. ఆ ఘోరం మీద ఏబెల్ మీరోపోల్ అనే స్కూలు మాస్టారు ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ రాశారు. 1939లో న్యూయార్క్‌లోని కేఫ్ సొసైటీ క్లబ్బులో బిల్లీ దాన్ని పాడారు. అప్పుడు సర్వర్లు వడ్డించడం ఆపేసేవాళ్లు. ఆమె ముఖం మీద వెలుగు తప్ప దీపాలన్నీ ఆర్పేసేవాళ్లు. ఆమె పాడుతున్న కొలంబియా కంపెనీ ఈ పాటను రికార్డు చేయనంది. ఆమె ఊరుకోలేదు, కమోడోర్ అనే చిన్న కంపెనీకి పాడారు.

డబ్బిచ్చి సరదాగా గడపడానికి వచ్చినవాళ్లను బాధపెట్టడం న్యాయమా అని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్నలోనూ కొంత న్యాయం ఉంది. కానీ బిల్లీ ప్రేమ పాటలు మానలేదు, వాటి తర్వాత చివర్లో ఇది పాడేవారు. నచ్చనివాళ్లు లేచి వెళ్లిపోవచ్చు. చెట్టుకు వేలాడినవాళ్లకు ఆ వీలు లేదు కదా!

అందుకే నేను బిల్లీ వైపే ఉంటాను. చప్పట్ల కోసం నిజాన్ని దాచుకుంటే, ఎంత మంచి గొంతయినా ఎవరికి ఉపయోగం?