పళ్లెము ఎవరి చేతిలో నున్నది?



గత బాలల దినమున మా గ్రామ పాఠశాలలో నేను పిల్లలతో మాటలాడితిని. మన దేహము దేవుని ఆలయమని, దానిని పాడుచేసికొనరాదని చెప్పితిని. పిల్లలు చక్కగా వినిరి. పిమ్మట సంఘము తరఫున ఒక్కొక్కరికి ఒక చిప్సు పొట్లమును, ఒక చిన్న కూల్‌డ్రింకు సీసాను పంచిపెట్టితిమి. అప్పటికి పదకొండు గంటలైనది. మధ్యాహ్నము గంట కొట్టినప్పుడు పిల్లలలో అనేకులు పళ్లెము పట్టుకొని రాలేదు. వచ్చినవారు రెండు ముద్దలు తిని మిగిలినది పారబోసిరి. వంట చేయు సోదరి మన సంఘస్థురాలే. ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, తెల్లారకముందే లేచి వచ్చి వండినాను. మీ పొట్లాలు తిన్న పిల్లలు నా పప్పన్నం ముట్టలేదండి" అనెను. ఆమె కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాట నాకు ఎక్కువగా తగిలెను.

ఆ రాత్రి నాకొక ప్రశ్న కలిగెను. బిడ్డ మంచి ఆహారమును విడిచి చెడ్డదానిని కోరుకొనినయెడల తప్పు ఎవరిది? మనము సాధారణముగా బిడ్డదే అందుము. ఈ కాలపు పిల్లలకు నోటి అదుపు లేదందుము. వారికి దానియేలు కథ చెప్పి, రాజు భోజనమును కాదని శాకధాన్యములును నీళ్లును కోరుకొన్న ఆ యౌవనునివలె ఉండుడని బోధింతుము.

అయితే దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును మరల చదివి చూడుడి. దానియేలు అడిగినది ఆరోగ్యము కొరకు కాదు, పవిత్రత కొరకు. ఆ సంగతి అట్లుండనిండు. అతడు హృదయములో నిశ్చయించుకొనెను. గాని నిశ్చయించుకొన్నంత మాత్రమున అతని పళ్లెములోని పదార్థము మారలేదు. భోజనము పెట్టించు నియామకుని యొద్దకు వెళ్లి, పది దినములు పరీక్షించి చూడుమని బతిమాలవలసి వచ్చెను. ఆ నియామకుడు సమ్మతింపనియెడల ఆ నలుగురి పళ్లెములు మారియుండెడివి కావు. అంత దృఢమైన మనస్సు గలవానికే పెట్టువాని సహాయము కావలసి వచ్చినప్పుడు, రెండవ తరగతి బిడ్డ తనంతట తానే ఎట్లు నిలువగలదు? మనము ప్రతి బిడ్డను దానియేలు కమ్మని అడుగుచున్నాము. ఆ నియామకుని స్థానములో మనమే యున్నామని మరచుచున్నాము.

మన దేశములో పిల్లల పళ్లెమును గూర్చి పెద్దలు ఆలోచింపకపోలేదు. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలల కొరకు ఆహార పథకమును ఆరంభించెను. అనేక చోట్ల ధాన్యమును మాత్రమే ఇంటికిచ్చి పంపుచుండగా, వండిన భోజనమే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క కట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో రాగిజావను కూడ చేర్చిరి. 2024లో ఆ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరములో ఆకలిగొని వచ్చినవారికి వేళ చూడక వడ్డించి, 1909లో కన్నుమూసిన తల్లి ఆమె.

ఇంత ఏర్పాటు ఉండగా మన యిండ్లలోనే కొందరు, "బడి అన్నము లేనివారికి గదా, మా వాడు దాని కొరకు వరుసలో నిలువనేల?" అని బిడ్డ చేతిలో పది రూపాయలు పెట్టి పంపుచున్నారు. ఆ పది రూపాయలు గేటు యెదుటి దుకాణమునకు పోవును. పప్పు కూరలకు బదులు ఉప్పు, నూనె, పంచదార కడుపులో చేరును. ఇది ప్రేమ యని మనమనుకొనుచున్నాము. ఇందులో ప్రేమ యెంత, గర్వమెంత అని మనలను మనమే పరీక్షించుకొనవలెను.

ఆ దుకాణము సంగతియు తేలిక కాదు. కొవ్వు, ఉప్పు, పంచదార మిక్కుటముగా నున్న పదార్థములను పాఠశాలలోను, గేటునుండి 50 మీటర్లలోపలను పిల్లలకు అమ్మరాదని 2020లో కేంద్ర ఆహార భద్రతా సంస్థవారు నియమము చేసిరి. మా ఊరి దుకాణము గేటుకు ఇరువది అడుగుల దూరములో నున్నది. దానిని నడుపునది ఒక విధవరాలు. నేను వెళ్లి చెప్పగా, "ఇవి మానేస్తే నేనేం తినాలి అయ్యగారూ?" అనెను. నాకు జవాబు రాలేదు. నియమము చూపి ఆమెను తరుముట సులభమే. గాని పిల్లల దేహములను కాపాడుటకు ఒక పేదరాలి పొయ్యి ఆర్పుట నీతి కాదు. ఇప్పుడామె ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయలు, అరటిపండ్లు, వాటి కాలములో తేగలు అమ్ముచున్నది. ఆదివారపు బడి బహుమానములకు సంఘము వాటినే ఆమెయొద్ద కొనుచున్నది. అయినను ఆమె రాబడి మునుపటివలె లేదు; పొట్లములు కొన్ని యింకను వ్రేలాడుచున్నవి. ఆ నష్టమును ఆమె యొక్కతెయే మోయకుండునట్లు మనము చూడవలెను.

ఆటల విషయములో నా తప్పు ఇంకను పెద్దది. రెండేండ్ల క్రిందట పదవ తరగతి పిల్లల ఆటల పిరియడును లెక్కల క్లాసుగా మార్చవలెనని ఊరి పెద్దలు తలంచిరి. డ్రిల్లు మాస్టరుగారు వద్దని వేడుకొనిరి. పౌలు దేహసాధనకు ఇచ్చిన విలువ స్వల్పమే గదా, తిమోతి పత్రిక చూడుడని నేను ఆయన నోరు మూయించితిని. ఆ యేటి క్రిస్మసు ఆటలలో ఆ పిల్లలే మైదానము ఒక చుట్టు పరుగెత్తలేక కూర్చుండిపోయిరి. అప్పుడు ఆ వచనమును నిదానముగా చదివితిని. పౌలు స్వల్పమనెను గాని శూన్యమనలేదు. దేహసాధనను దైవభక్తితో పోల్చెను గాని పరీక్ష మార్కులతో పోల్చలేదు.

ఇది క్రైస్తవులకు క్రొత్త సంగతి కాదు. 1920లో మద్రాసులో హారీ క్రో బక్ దొరగారు వై.ఎం.సి.ఎ. పక్షమున వ్యాయామ విద్యాలయమును స్థాపించిరి. దేహము, మనస్సు, ఆత్మ మూడును కలిసి ఎదుగవలెననునదే ఆ సంఘము నమ్మిక. 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒళ్లు వేడెక్కునట్లు ఆడవలెను, నడువవలెను, పరుగెత్తవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆడపిల్లకు ఆటలేల అనువారు జెకర్యా 8వ అధ్యాయము చూడుడి. యెరూషలేము బాగుపడుదినమునకు గురుతుగా ప్రవక్త చూచినది, వీధులలో ఆడుకొను మగపిల్లలను, ఆడపిల్లలను కూడ.

నేను డ్రిల్లు మాస్టరుగారిని క్షమాపణ వేడుకొంటిని. ఈ సంవత్సరము ఆ పిరియడు తిరిగి ఆటలకే ఇచ్చిరి. అయితే ఆ యేటి పిల్లలకు పోయిన గంటలను నేను తిరిగి ఇయ్యలేను.

ప్రియులారా, ఈ నెలలో ఒక దినము బడికి వెళ్లి, పిల్లలతో కూర్చుండి, ఆ అన్నము తినుడి. బాగున్నయెడల వండిన సోదరికి వందనములు చెప్పుడి. అన్నము ఉడకకయున్నను, పప్పు నీళ్లవలె నున్నను, సౌమ్యముగా, అయితే నిర్భయముగా అడుగుడి. ఆట స్థలములో ముండ్లు పెరిగినయెడల యౌవనులు వెళ్లి బాగుచేయుడి.

ప్రభువు యాయీరు కుమార్తెను లేపిన పిమ్మట ఆమెకు ఉపదేశము చేయలేదు. ఆమెకు తినుటకు పెట్టుడని పెద్దలకు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞను నెరవేర్చు కృపను ఆయన మనకందరికి దయచేయును గాక. ఆమేన్.