తట్టని చేతులు

యుద్ధమనగానే ఫిరంగులు, జెండాలు, గెలిచినవాడి పేరు గుర్తొస్తాయి. పాలస్తీనా రచయిత ఘసన్ కనఫానీ 1963లో వెలువరించిన నవలిక 'ఎండలో మనుషులు'లో ఇవేవీ లేవు. 1948 యుద్ధంతో నిలువ నీడ కోల్పోయిన ముగ్గురు పాలస్తీనీయులు పని వెతుక్కుంటూ బస్రా నుంచి కువైట్‌కు దొంగదారిన బయల్దేరతారు. సరిహద్దు దగ్గర ఖాళీ నీళ్ల ట్యాంకర్‌లో దాక్కుంటారు. చౌకీ గుమాస్తాలు డ్రైవర్‌ను ఆపి పరాచికాలాడతారు. ఆ కాసేపట్లోనే ఆగస్టు ఎండకు ముగ్గురూ లోపలే పోతారు.

చంపిందెవరు? తుపాకీ పేలలేదు. డ్రైవరా? అతనూ పాలస్తీనావాడే. అదే యుద్ధంలో గాయపడి మగతనం పోగొట్టుకున్నాడు. ఇప్పుడతనికి డబ్బొక్కటే కావాలి. కాల్పులు ఆగిన పదేళ్లకు కూడా యుద్ధం దెబ్బతిన్నవాడి చేతే మరో దెబ్బతిన్నవాడి ప్రాణానికి బేరం పెట్టిస్తుంది.

ట్యాంకర్ గోడలు ఎందుకు బాదలేదని చివరికి ఆ డ్రైవరే చచ్చినవాళ్లను నిలదీస్తాడు. దీన్ని పాలస్తీనీయుల మౌనంపై విమర్శగా చదివినవాళ్లున్నారు. మేం అక్కడ ఆగలేం. బాదితే పట్టుబడతారు, బాదకపోతే ఉడికి చస్తారు. ఈ రెండే మిగిల్చి, నోరెందుకు విప్పలేదంటే న్యాయమా?

కువైట్ ఎండ మనకు కొత్త కాదు. కడప జిల్లా ముస్లిం ఇళ్ల నుంచి అక్కడికి పనికి పోయినవాళ్లెందరో. వాళ్లను తరిమింది పేదరికం. కానీ 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు యుద్ధం అక్కడున్న మనవాళ్లనూ వెతుక్కుంటూ వచ్చింది. లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. వాళ్లకు పాస్‌పోర్టు ఉంది, తిరిగి రానిచ్చే దేశం ఉంది. కనఫానీ మనుషులకు అవీ లేవు. తేడా అంతే.

అందుకే ప్రశ్న తిరగేసి అడుగుదాం: తడితే తలుపు తీస్తారన్న నమ్మకం, బయటున్న మనం వాళ్లకెప్పుడైనా ఇచ్చామా?