బిడ్డ సంతకం లేని ఒప్పందం



పెండ్లయి ఏడెనిమిదేండ్లు గడచినా సంతానం కలుగని దంపతుల దుఃఖం విచారణ గురువులకు బాగా తెలుసు. పూజ ముగిసి అందరూ వెళ్ళేదాకా ఆగి, గుడిలో చివరి బల్లమీద కన్నీరు కార్చేవారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వారి ఆశ మంచిదే. ఆ ఆశను సొమ్ము చేసుకునేవారిని గురించే ఈ వారం నా బెంగ.

ఇప్పుడు ఇంటర్నెట్టులో వీర్యదాతలు దొరుకుతున్నారు. వైద్యుడుండడు, పరీక్షలుండవు, రికార్డు ఉండదు. ఖర్చు తక్కువ, గుట్టు దక్కుతుందని ఆశ. హాలెండులో ఒకే వ్యక్తి క్లినిక్కుల ద్వారానూ, ఇంటర్నెట్టు ద్వారానూ కనీసం 550 మంది పిల్లలకు తండ్రి అయ్యాడు. అప్పటి అక్కడి నియమం ప్రకారం ఒక దాతకు 25 మంది పిల్లలకు మించరాదు. తల్లులకు అసలు లెక్క దాచాడు. 2023 ఏప్రిల్‌లో హేగ్ న్యాయస్థానం అతణ్ణి కట్టడి చేసింది. అంతకు ముందు ఏడు ఇంగ్లండులోని డెర్బీ న్యాయస్థానం మరొకరి పేరు బయటపెట్టింది. బుద్ధి వికాసాన్ని దెబ్బతీసే వంశపారంపర్య లోపం తనకున్నదని తెలిసికూడా, అతడు సోషల్ మీడియాలో ప్రకటించుకొని 15 మంది పుట్టుకకు కారకుడయ్యాడు.

మన గుళ్ళలో పెండ్లి చాటింపులు ఎందుకు చదువుతామో మీకు తెలుసు. వధూవరుల మధ్య చెప్పని బంధుత్వమేదైనా ఉంటే బయటపడాలని. తండ్రి ఎవరో తల్లికే తెలియనప్పుడు చాటింపు విని లేచి చెప్పగలవారెవరు?

మన దేశంలో 2021 చట్టం దాత వయస్సు 21 నుండి 55 లోపు ఉండాలన్నది. రోగపరీక్షలు జరగాలన్నది. ఒక దాత వీర్యం ఒక జంటకే ఇవ్వాలన్నది. ఇంటర్నెట్టు బేరంలో వీటిలో ఒక్కటీ లేదు.

“చట్టప్రకారం చేస్తే సరే కదా ఫాదర్? అందరికీ ఇష్టమే, ఎవరికి అన్యాయం?” అని ఒక చదువుకున్న కుర్రవాడు నన్నడిగాడు. ఒప్పందానికి ఎక్కువగా కట్టుబడవలసినది బిడ్డ. ఆ బిడ్డే అక్కడ లేదు అన్నాను. “ఏ బిడ్డ మాత్రం సమ్మతించి పుట్టింది?” అన్నాడు. మంచి ప్రశ్న, గురువిద్యాలయంలోనైతే మెచ్చుకునేవారు. నిజమే, ఎవరూ సమ్మతించి పుట్టరు. కాని “నేనెవరి బిడ్డను?” అని అడిగితే జవాబు చెప్పుకోవడానికి కన్నవారు ఎదుట నిలబడతారు. ఇక్కడ ఆ జవాబును పుట్టకముందే అమ్మివేశారు. తండ్రిని వస్తువుగా కొన్నచోట బిడ్డ కూడా సరుకవుతుంది. అందుకే శ్రీసభ 1987లో ‘దోనుం వీతే’ ఉపదేశంలో, దాత ఎంత ఆరోగ్యవంతుడైనా, క్లినిక్కు ఎంత మంచిదైనా, వివాహబంధంలోనికి మూడవ వ్యక్తిని తేవడం తగదన్నది. వినడానికి కఠినమైన మాటే. వంధ్యత్వానికి వైద్యం చేయించుకోవడాన్ని, అనాథ బిడ్డను దత్తత తీసుకోవడాన్ని శ్రీసభ ప్రోత్సహిస్తూనే ఉన్నది.

అయితే ఆ దంపతులను చాటుదారి పట్టించింది ఎవరు? “ఇంకా విశేషం ఏమీ లేదా?” అని పండుగ పూటకూడా అడిగే మనమే. పెనిన్నా హన్నాను దెప్పినట్లు కోడలిని గొడ్రాలనే అత్తగార్లు, లోపం తనలో ఉందేమోనని పరీక్షకు వెళ్ళని భర్తలు మన సంఘంలోనూ ఉన్నారు. కొడుకు పరువు కాపాడడానికి దాతను వెదకమని కోడలికి చెప్పిన ఇల్లు నాకు తెలుసు. ఆమె ఒప్పుకోలేదు.

ఇక అలా పుట్టిన బిడ్డ మన గుడికి వస్తే? జ్ఞానస్నానం ఇస్తాను, అందరి బిడ్డలకు ఇచ్చినట్లే. ఆరోజు మీరు పోలికలు వెదకవద్దు.