ఆడని రోజుల లెక్క

2012 ఏప్రిల్ 28. అమెరికాలోని చికాగో నగరం. బుల్స్ జట్టుకూ ఫిలడెల్ఫియా జట్టుకూ ప్లేఆఫ్స్‌లో మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఇంకా నిమిషంన్నర ఆట కూడా మిగల్లేదు. బుల్స్ 12 పాయింట్ల ముందుంది. డెరిక్ రోజ్ బంతితో లోపలికి దూసుకెళ్లి, ఒక్కసారిగా ఆగి, గాల్లోకి లేచాడు. దిగాక ఎడమ మోకాలు పట్టుకుని నేల మీద పడిపోయాడు. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే లిగమెంటు తెగిపోయింది.

మ్యాచ్ బుల్స్ గెలిచింది. సిరీస్ మాత్రం ఓడిపోయింది. ఆ రాత్రి మొదలైన వాదన రోజ్ ఆట మానేశాక కూడా ఆగలేదు. ఆడలేని ఆటగాడికి విలువ ఎంత?

చికాగో గొడవ మనకెందుకు అనిపించవచ్చు. నాకెందుకు పట్టిందో తరువాత చెబుతాను. ముందు ఆ మనిషి గురించి తెలియాలి.

రోజ్ ఎక్కడినుంచో వచ్చి చికాగోలో ఆడినవాడు కాదు. ఆ ఊరి దక్షిణ భాగంలో ఇంగిల్‌వుడ్ అనే పేద పేటలో పెరిగాడు. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తల్లే పెంచింది. 2008లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి అవకాశం బుల్స్‌కు దక్కే వీలు నూటికి రెండు పాళ్లు కూడా లేదు. అయినా దక్కింది, మన ఊరి పిల్లాడే మన జట్టులోకి వచ్చాడని ఊరంతా సంబరపడింది. 2010-11 సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 81 ఆడాడు. సగటున మ్యాచ్‌కు 25 పాయింట్లు చేశాడు. జట్టు 62 మ్యాచ్‌లు గెలిచింది. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు అనే బహుమతి 22 ఏళ్లకే వచ్చింది. అంత చిన్న వయసులో అంతకు ముందు అది ఎవరికీ రాలేదు. ఆ బహుమతి పేరులోనే 'విలువ' అనే మాట ఉంది చూడండి. ఏడాది తిరిగేసరికి అదే మాట పట్టుకుని అతన్ని నిలదీశారు.

మోకాలికి ఆపరేషన్ జరిగింది. 2013 మార్చి నాటికి డాక్టర్లు ఆడవచ్చన్నారని పత్రికలు రాశాయి. రోజ్ ఆడలేదు. నా కాలి మీద నాకింకా నమ్మకం రాలేదన్నాడు. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో బుల్స్ కుంటుకుంటూ ఆడింది. జోకిమ్ నోవా పాదం నొప్పితోనే దిగాడు. లువోల్ డెంగ్ వెన్నులో సూదితో చేసిన పరీక్ష వికటించి ఆసుపత్రి పాలయ్యాడు. ఇంకొకరికి పిక్క దెబ్బతింది. రోజ్ మాత్రం కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. టీవీ కెమెరాలు పదే పదే ఆ కోటునే చూపించాయి.

అభిమానులు రెండుగా చీలిపోయారు. కాలు నొప్పితో నోవా ఆడుతుంటే డాక్టర్లు సరేనన్న వీడికేం రోగమని ఒక పక్షం. కాలు అతనిది, నడవాల్సింది అతను, మీకేం తెలుసని రెండో పక్షం. నేను రెండో పక్షం వైపే ఉన్నాను. అయినా మొదటి పక్షం మాటను తోసిపారేయలేను. వాళ్లు దుర్మార్గులేమీ కాదు. టికెట్ కొనడానికి ఓవర్‌టైమ్ చేసేవాళ్లూ వాళ్లలో ఉంటారు. పనికి రాకపోతే మస్టరులో పేరు ఉండదు, పేరు లేకపోతే డబ్బు పడదు. ఉపాధి హామీ పనికి వెళ్లే మన వాళ్లకు ఈ న్యాయం వేరే చెప్పనక్కర్లేదు. ఆడకుండానే ఒకడికి కోట్లు వస్తుంటే కడుపు మండటం సహజమే.

కానీ మస్టరు లెక్కే తీయాలంటే మొత్తం తీయాలి. కొత్తగా లీగ్‌లోకి వచ్చినవాడికి ఎంత ఆడినా మొదటి కొన్నేళ్లు నిబంధనలు పెట్టిన పరిమితి లోపలే జీతం ఇస్తారు. 81 మ్యాచ్‌లు ఆడి ఊరికి అంత పేరు తెచ్చిన ఏడాది రోజ్‌కు వచ్చింది సుమారు 55 లక్షల డాలర్లు. ఒక్క మ్యాచ్ కూడా ఆడని 2012-13లో వచ్చింది 1.6 కోట్ల డాలర్లకు పైనే. ఈ రెండో అంకె అందరి నోటా ఉంది, మొదటిది ఎవరికీ గుర్తులేదు. ఆడిన రోజుల బాకీని ఆడని రోజుల్లో తీర్చారని నేను అనను. రోజుకింత అని కట్టిన లెక్క ఈ మనిషికి అతకదు అంటున్నాను, అంతే. అంకెలు చూసి పేదవాడి మీద జాలి పడ్డట్టు పడకండి. అతను పేదవాడు కాదు.

ఇంకో సంగతి ఉంది, నాకు పెద్దదిగా తోచేది అదే. రోజ్‌ను జనం ఎందుకు ప్రేమించారు? వేగంగా వెళ్తూ ఠక్కున ఆగడం, ఆగిన చోటినుంచే గాల్లోకి లేవడం, గాల్లోనే ఒళ్లు మెలితిప్పి దారి మార్చడం. మోకాలి మీద అంత భారం వేసే పని ఇంకొకటి లేదు. ఏ కదలికకు జనం లేచి నిలబడ్డారో ఆ కదలికలోనే లిగమెంటు తెగింది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే ఎలా కుదురుతుంది? మిర్చి కావాలి, కారం వద్దు అన్నట్టు ఉంటుంది.

అభిమానులు కోచ్‌నూ వదల్లేదు. గెలిచే మ్యాచ్‌లో ఆఖరి నిమిషాల దాకా అతన్ని ఎందుకు ఉంచావని అడిగారు. ఆధిక్యం తగ్గుతూ వస్తోంది కాబట్టి ఉంచానని కోచ్ అన్నాడు. ఆ సీజన్‌లోనే రోజ్ బొటనవేలికీ నడుముకూ గజ్జకూ దెబ్బలు తగిలి, 66 మ్యాచ్‌లలో 39 మాత్రమే ఆడగలిగాడు. ఒళ్లు ముందే చెబుతూ వచ్చింది. వినాల్సింది ఎవరు?

వినకపోతే ఏమవుతుందో అంతకు ముప్పై అయిదేళ్ల క్రితమే అదే లీగ్ చూసింది. పోర్ట్‌లాండ్ జట్టు 1977లో బిల్ వాల్టన్ బలంతో చాంపియన్ అయింది. మరుసటి ఏడాది అతను 58 మ్యాచ్‌లే ఆడినా అత్యంత విలువైన ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చారు. ప్లేఆఫ్స్‌లో నొప్పి తెలియకుండా పాదానికి ఇంజెక్షన్ వేసుకుని దిగాడు. తరువాత ఎక్స్‌రేలో పాదం ఎముక విరిగి ఉంది. జట్టు వైద్యం తీరు మీద కోపంతో మరుసటి సీజన్ మొత్తం అతను ఆడలేదు, తరువాత కోర్టుకూ వెళ్లాడు. జీవితంలో ముప్పైకి పైగా ఆపరేషన్లు చేయించుకున్నాడు. 2023-24 నుంచి లీగ్ ఒక నిబంధన పెట్టింది. 65 మ్యాచ్‌లు ఆడనివాడికి ఆ బహుమతి ఇవ్వరు. ఆ లెక్కన చూస్తే వాల్టన్ అర్హుడే కాదు.

ఇంతకీ రోజ్ ఏడాది ఆగినందుకు ఫలితం దక్కిందా? దక్కలేదు. 2013 నవంబరులో, తిరిగి వచ్చిన 10 మ్యాచ్‌లకే కుడి మోకాలి మెత్త చిరిగింది. 2015లో మళ్లీ అదే మోకాలికి ఆపరేషన్. ఆగినా తప్పలేదు కదా, అప్పుడే ఆడి ఉండాల్సింది అని మొదటి పక్షం మళ్లీ లేచింది. ఈ వాదన నాకు నచ్చదు. వాన పడలేదని విత్తనం దాచుకున్నవాడిది తప్పు కాదు. 2014లో రోజ్ ఇంకో మాట అన్నాడు. ఆట అయిపోయాక కొడుకు గ్రాడ్యుయేషన్‌కు వెళ్లినప్పుడు ఒళ్లు నొప్పులతో కూర్చోవాలని లేదని దాని సారాంశం. అంత జీతం తీసుకుంటూ ఈ మాటలా అని ఎగతాళి చేశారు. ఒక తండ్రి ఆ మాట అనడం ఎందుకు తప్పయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా వైపు చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తారు. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టిస్తారు. నా మీదా పడ్డాయి. కాలు విరిగి ఇంట్లో మంచం మీద ఉన్నవాడి మీద చల్లడం మాత్రం నేను చూడలేదు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల క్రితం ఒక ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెబుతూ ఆటల బాధ్యత కూడా చూసేవాణ్ణి. మా కబడ్డీ జట్టులో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. వాడు రైడ్‌కు వెళ్తే గీత దగ్గర జనం గుమిగూడేవాళ్లు. జోనల్ పోటీల్లో సెమీఫైనల్ అయ్యేసరికి వాడి మోకాలు వాచింది. "సార్, కాలు మడత పడట్లేదు" అన్నాడు. నేను స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, "ఒక్క మ్యాచే కదరా, బడి పేరు నిలబెట్టు" అన్నాను. నిలబెట్టాడు. కప్పు హెడ్మాస్టర్ గదిలో అద్దాల బీరువాలో పెట్టారు.

పదో తరగతి మొత్తం వాడు గ్రౌండులోకి రాలేదు. గట్టు మీద కూర్చునేవాడు. తోటి పిల్లలు "వీడు నటిస్తున్నాడు సార్" అనేవాళ్లు. నేను వాళ్లను గద్దించలేదు. ఎందుకంటే లోపల నాకూ ఆ అనుమానం ఉండేది. కాలు ఎలా ఉందిరా అని నేను అడిగినట్టు గుర్తు లేదు. ఎప్పుడు ఆడతావు అని మాత్రం చాలాసార్లు అడిగాను. సెలవుల్లో వాళ్ల నాన్న వచ్చి, కొండ ఎక్కలేకపోతున్నాడు, పోడు పనికి రావట్లేదు అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. చికాగోలో ఆ కోటును చూసి అరిచినవాళ్లను తిట్టే హక్కు నాకు లేదని అందుకే అనుకుంటాను. వాళ్లు టికెట్ అయినా కొన్నారు.

రోజ్ కథ ఇంకొంచెం ఉంది. బుల్స్ 2016లో అతన్ని వేరే జట్టుకు పంపేసింది. ఆ తరువాత ఊళ్లు మారాడు. ఆ పాత ఎగురుడు మళ్లీ రాలేదు. 2018 అక్టోబర్ 31న మిన్నెసోటా తరఫున యూటా జట్టు మీద 50 పాయింట్లు చేశాడు. అంతకు ముందు ఎప్పుడూ అన్ని చేయలేదు, ఎంవీపీగా ఉన్న ఏడాది కూడా. మ్యాచ్ అయ్యాక కోర్టులోనే ఏడ్చేశాడు. 2024లో ఆట మానేశాడు. 2025 జనవరిలో చికాగోలో అతని కోసం ఒక రాత్రి జరిపి, అతను వేసుకున్న 1వ నంబరు చొక్కా ఇక ఎవరికీ ఇవ్వబోమని బుల్స్ ప్రకటించింది. ఒకప్పుడు కోటును తిట్టిన ఊరే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతను ఆడని రోజులు అప్పటికీ అన్నే ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు.

మొన్న జోనల్ పోటీలకు పేర్లు రాసేటప్పుడు ముందుగా ఎవరికైనా నొప్పులున్నాయా అని అడిగాను. చాలాసేపు ఎవరూ కదల్లేదు. చెబితే జట్టులో ఉండనివ్వరని పిల్లలకు తెలుసు. చివరికి ఇద్దరు చేతులెత్తారు. వాళ్లలో ఒకడు మా మొదటి రైడర్. వాడి పేరు రాయలేదు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి వచ్చాం. మిగతా పిల్లలు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడితో అయితే వారం.