గూఢలిపి - గుప్తవిద్య

ధాన్యమును పాతరలో దాచి, కాటకకాలమున నలుగురి యాకలిని చూచుచు మిన్నకుండువానిని మనము లోభి యందుము. విద్యను దాచి, అడిగినవారికి చెప్పక, తనతోడనే కాటికి కొనిపోవువానిని మాత్రము పలుమారు రహస్యవేత్త యని గౌరవింతుము. ఈ భేదము న్యాయమైనదేనా? తనకు సగము మాత్రమే తెలిసిన విషయమును నలుగురి యెదుట పెట్టుట వివేకమా, అవివేకమా? ఒక చిక్కుముడిని పలువురు కలిసి విప్పినప్పుడు ఆ ఫలమెవ్వరిది? ఇవి పండితసభలకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు. తండ్రి బిడ్డలకు చదువు చెప్పు చోటను, పెద్దలు పిన్నలతో మాటలాడు చోటను ఇవి దినదినమును మనలను పరీక్షించుచున్నవి. వీనిని శుష్కతర్కముతో కాక, మనదేశమున నిజముగా జరిగిన యొక చరిత్రను ముందుంచుకొని విచారించుట మేలు.

మన తెలుగు అక్షరములు బ్రాహ్మీలిపి సంతతిలోనివి. చదువరులు ఇప్పుడు చూచుచున్న పంక్తులలోని అక్షరములకు పూర్వరూపములు రెండువేల యేండ్లకు పైబడిన శిలలమీద నున్నవి. అట్టి తల్లిలిపిని దేశమే మరచిపోయెను. 14వ శతాబ్దిలో ఢిల్లీ సుల్తానగు ఫిరోజిషా తుగ్లకు రెండు ప్రాచీన శిలాస్తంభములను, ఒకదానిని తోప్రానుండియు వేరొకదానిని మీరటునుండియు, ఢిల్లీకి తరలించెను. వానిమీది వ్రాతను చదువుటకు పండితులను పిలిపింపగా నెవ్వరికిని శక్యము కాలేదు. అయినను కొందరు, ఫిరోజి యను ప్రభువు పుట్టువరకు ఈ స్తంభమును కదలించుట యెవ్వరికిని సాధ్యము కాదని యందు వ్రాసియున్నదని విన్నవించిరట! ఆ కాలపు చరిత్రకారుడే దీనిని వ్రాసిపెట్టినాడు. తెలియదని చెప్పుటకు నోరు రాని చోట ముఖస్తుతియే విద్యవేషము వేసికొని వచ్చును.

18వ శతాబ్ది చివరి దశలో ఇంతకంటె విచిత్రమైన సంగతి జరిగెను. ఎల్లోరా గుహలలోని శాసనముల ప్రతులు కాశీలోనున్న ఫ్రాన్సిసు విల్ఫర్డను నుద్యోగికి చేరెను. పురాతన లిపులన్నిటిని తెలుపు గ్రంథమొకటి తనయొద్ద నున్నదని యచటి వృద్ధుడొకడు చెప్పెను. దానిని బట్టి ఆ శాసనములు పాండవుల వనవాసమును గూర్చినవని యర్థము తేలెను. విల్ఫర్డు నమ్మెను, విద్వాంసులును నమ్మిరి. ఆ గ్రంథమును, ఆ యర్థమును వట్టి కల్పనలని తరువాతి కాలమున బయలుపడెను. ఇచట గ్రంథమున్నదను మాటయే ప్రమాణమైనది కాని, ఈ గుర్తు ఈ యక్షరమెట్లయ్యెనని యడిగినవారు లేకపోయిరి. త్రోవ చూపక గమ్యమును మాత్రము చూపు విద్యకు విశ్వాసము కావలయును, పరీక్ష పనికిరాదు. మోసమునకు కావలసినదియు నదియే.

ఇక నీ లిపి నిజముగా నెట్లు విప్పబడెనో చూతము. కలకత్తాలో 1784వ సంవత్సరమున స్థాపింపబడిన ఆసియాటిక్ సొసైటీ యను విద్వత్సభ కలదు. ఆ సభకు 1832 మొదలు 1838 వరకు కార్యదర్శిగా నుండిన జేమ్సు ప్రిన్సెపు వృత్తిచేత టంకశాలలో లోహములను పరీక్షించు నుద్యోగి, లిపిపండితుడు కాడు. అతడు చేసిన మొదటి మంచిపని తనకు తెలియని దానిని అచ్చువేయించుట. అలహాబాదు స్తంభముమీది అపరిచితాక్షరములను వరుసగా పట్టికవేసి, ఒక్కొక్క యక్షరమునకు చేరెడి చిన్న గీతలు స్వరచిహ్నములై యుండవచ్చునని సూచించి, 1834లో దానిని సభవారి మాసపత్రికయందు ప్రకటించెను. అనగా ముడిని తన పెట్టెలో పెట్టుకొనక నడివీధిలో పెట్టెను.

అంతట నొక్కొక్కరు నొక్కొక్క కొసను పట్టుకొనిరి. చార్లెసు విల్కిన్సు 1780ల దశకముననే తరువాతి కాలపు లిపులను కొన్నిటిని చదివియుండెను. అలహాబాదు స్తంభముమీదనే యున్న సముద్రగుప్తుని శాసనమును ట్రోయరు, మిల్లు అనువారు 1834లో చదివిరి. ఆ నడిమికాలపు లిపి పాతలిపికిని క్రొత్తలిపికిని వంతెన యయ్యెను. బొంబాయి ప్రాంతమున స్టీవెన్సను అను మతబోధకుడు కార్లే గుహాలేఖములనుండి కొన్ని యక్షరములను గుర్తించెను. జర్మనీలోని బాన్ నగరమున నుండిన లాసెను అను విద్వాంసుడు 1836లో అగాథోక్లీసను యవనరాజు నాణెమును పరిశీలించి, దాని యొకవైపున గ్రీకులిపిలోనున్న పేరే రెండవవైపున ఈ లిపిలో నున్నదని గ్రహించెను. వీరిలో నెవ్వనికిని లిపి యంతయు తెలియదు. ప్రతివాని చేతిలోను ఒక ముక్క మాత్రమే యుండెను.

1837లో స్మిత్తు అను సైనికోద్యోగి సాంచి స్తూపపు రాతికంచెమీది చిన్నచిన్న లేఖముల ప్రతులను పంపెను. వానిలో పెక్కింటి చివర ఒకే రెండక్షరములు కనబడెను. ఇన్ని వేరువేరు రాళ్లమీద ఒకే తుదిమాట యేల యుండవలెను? దేవాలయములకు రాళ్లను, స్తంభములను సమర్పించిన భక్తులు తమ పేళ్లను చెక్కించుట మనదేశపు వాడుక. కావున ఆ మాట 'దానం' కావలెనని ప్రిన్సెపు ఊహించెను. దానికి ముందు 'యొక్క' యను నర్థమిచ్చు 'స'కార ముండుటయు సరిపడెను. ఈ 'ద', 'న' లు తెలియగానే తక్కినవి వరుసగా వచ్చి చేరెను. కొలది వారములలో ఢిల్లీ స్తంభలేఖము మాటలాడనారంభించెను. కమలాకాంత విద్యాలంకారుడను పండితుడు భాషార్థమునందు తోడ్పడెను.

చదువరులు గమనింపదగిన విశేషము దీని తరువాత నున్నది. శాసనములలో కనబడిన 'దేవానాంప్రియ ప్రియదర్శి' యను రాజు సింహళదేశపు తిష్యుడై యుండునని ప్రిన్సెపు మొదట తలచి, అట్లే ప్రకటించెను. సింహళమునం దుద్యోగియైన జార్జి టర్నరు పాళీ గ్రంథమగు దీపవంశమును పరిశీలించి, ప్రియదర్శి యనగా చంద్రగుప్తుని మనుమడును, బిందుసారుని కుమారుడునగు అశోకుడని ఆ సంవత్సరముననే తెలియజేసెను. ప్రిన్సెపు తన మాటను పట్టుకొని వ్రేలాడక సవరణను స్వీకరించెను. తప్పు బహిరంగమగుటచేతనే దిద్దుబాటు త్వరగా వచ్చినది. ఆ తప్పును సంపూర్ణజ్ఞానము కలుగువరకు దాచియుంచినచో, 1838లో రోగపీడితుడై దేశము విడిచి, 1840లో నలువదియేండ్ల వయసున మరణించిన ఆ మనుష్యునితోడనే అదియు పోయియుండెడిది. అశోకుని పేరింకెంతకాలమునకు వెలుగులోనికి వచ్చెడిదో!

"అరకొర తెలివిని లోకమునకు చాటినచో మూఢులు చెడిపోరా?" యని కొంద రాక్షేపింతురు. ఊహను ఊహయని చెప్పక సిద్ధాంతమని చెప్పినచో నిజముగా చెడుదురు. కాని 'ఇంతవరకు నాకు తెలిసినది. ఈ కారణముచేత నిట్లనుకొనుచున్నాను. ఇంతకు మించి తెలియదు' అనువాడెవ్వనిని మోసపుచ్చడు. ఫిరోజిషా యెదుట నిలిచి స్తుతిచేసినవారు, కాశీలో గ్రంథము చూపినవాడు, వీరు తమ కేమియు తెలియకపోయినను పూర్తిగా తెలిసినట్లు మాటలాడిరి. కలకత్తాలో పట్టిక వేసినవాడు కొంత తెలిసియు తెలియనిదాని యెల్లను స్పష్టముగా గీచెను. అసంపూర్ణత దోషము కాదు. దానిని కప్పిపుచ్చుట దోషము.

"నలుగురు కలిసి విప్పినచో ఒక్కొక్కని బుద్ధి సోమరి కాదా?" యని మరియొక యాక్షేపణ. ఇందులో కొంత సత్యమున్నది. మన యిండ్లలో రాత్రివేళ పొడుపుకథలు వేయునప్పుడు విడుపు తెలిసిన పిల్ల వెంటనే యరచినచో తక్కినవారు కోపింతురు. ఆ కోపము న్యాయమైనదే. తెలిసినవాడు జవాబును విసరివేయుట దానము కాదు. ఇతరుల ఆలోచనను దోచుకొనుట. నేర్పరియైన యవ్వ జవాబు చెప్పదు. 'పెరటిలోనికి చూడుము' అని త్రోవ చూపును. దాచువాడు ఒక యంచున, జవాబును విసరువాడు రెండవ యంచున నుండగా, త్రోవచూపువాడు నడుమ నున్నాడు. కలిసి వెదకుటలోని ధర్మమీ నడిమి మార్గము.

ఇంతవరకు ప్రిన్సెపును ప్రశంసించితిమి. న్యాయము నిమిత్తము రెండవ ప్రక్కను కూడ చెప్పవలెను. పై సభలో స్వదేశీయులను సభ్యులుగా చేర్చుకొనుట 1829లో గాని మొదలుకాలేదు. స్థాపించిన నలువదియైదేండ్ల తరువాత! అంతకుముందే కాలిన్ మెకంజీ దక్షిణదేశమున శాసనములను, కైఫీయతులను సేకరించుచుండగా తెలుగువారగు కావలి సోదరులు ఆయనకు కన్నులై పనిచేసిరి. తాను భారతీయవిద్యాద్వారమున తొలియడుగు పెట్టుటకు కావలి బొర్రయ్యయే కారణమని మెకంజీయే వ్రాసినాడు. బొర్రయ్య 1803లో చనిపోయెను. ఆయన సోదరుడు వెంకటలక్ష్మయ్య, మెకంజీ 1821లో మరణించిన పిమ్మట, ఆ మహాకార్యమును తానే నడపుటకు అనుమతి వేడెను. అట్టి పనికి ఆయన గాని వేరొక స్వదేశీయుడు గాని చాలడనియు, సహాయకులుగా మాత్రమే పనికివత్తురనియు సభవారు 1830ల దశకమున అభిప్రాయమిచ్చిరి. ఆ యభిప్రాయమును వ్రాసినవాడు కార్యదర్శియగు ప్రిన్సెపే! తన యూహలను లోకమెల్ల పరీక్షింపవచ్చునని తలుపులు తెరచిన మనుష్యుడే, ఆ పరీక్షకు ముప్పదియేండ్లుగా సామగ్రి కూర్చిన వంశమువానిని వాకిట నిలిపెను. లిపివిషయమున నతని యౌదార్యము నిజము. ఈ విషయమున నతని సంకుచితత్వమును నంతే నిజము. ఒకదానితో రెండవదానిని చెరిపివేయరాదు.

దీనిలో మనకు బోధపడున దేమి? చిక్కుముడిని కలిసి విప్పువారికి మూడు ధర్మములున్నవి. తన ముక్కను, అది దొరికిన త్రోవతో కూడ, నలుగురి యెదుట పెట్టవలెను. సవరణను, సవరించినవాని పేరుతో, స్వీకరింపవలెను. ముక్క తెచ్చినవాడెవ్వడైనను తలుపు మూయరాదు. మొదటి రెండును బుద్ధికి సంబంధించినవి. మూడవది హృదయమునకు సంబంధించినది. మొదటి రెండు నెరవేర్చి మూడవది విడిచిన సభ, తనకు తెలియకుండగనే తన జ్ఞానమునకు తానే గోడ కట్టుకొనును.

ఏలన, ముక్కలు ఎవ్వరిచేతినుండి వచ్చునో ముందుగా నిర్ణయించుట యెవ్వరితరమును కాదు. ప్రియదర్శియే అశోకుడని టర్నరు చెప్పినను, అంతవరకు దొరికిన ప్రియదర్శి శాసనములలో అశోకుని పేరు లేదు. 1915లో, అప్పటి నిజాము రాజ్యములోనిదగు రాయచూరు జిల్లా మస్కియందు, బంగారుగనుల నిపుణుడొకడు ఒక శాసనమును కనుగొనెను. అందు అశోకుని పేరు స్పష్టముగా నుండెను. మన కర్నూలు జిల్లాలోని యెర్రగుడి శాసనములను కనుగొన్నవాడు భూగర్భశాస్త్రజ్ఞుడు. అచటి లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచుచున్నవి. అట్టి విపరీతమును పట్టికలు వేసికొని కూర్చున్న పండితుడెవ్వడు ఊహించియుండును?

ఈ పద్ధతి నేటికిని ఫలించుచునే యున్నది. స్కాట్లండు రాణి మేరీ చెరలో నుండి 1578 మొదలు 1584 వరకు వ్రాసిన 57 సంకేతలేఖలు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున ఇటలీదేశపు కాగితములని తప్పుపేరుతో పడియుండెను. వేరువేరు దేశములకు చెందిన ముగ్గురు, గణనయంత్రశాస్త్రజ్ఞుడొకడు, సంగీతవిద్వాంసుడొకడు, భౌతికశాస్త్రజ్ఞుడొకడు, కలిసి వానిని విప్పి, తాము నడచిన త్రోవతోకూడ 2023లో ప్రకటించిరి. ఆ భాష ఇటలీభాష కాదు, ఫ్రెంచియని తేలెను. వ్రాసినది స్త్రీ యని వ్యాకరణమే చెప్పెను. వారిలో నెవ్వరికిని చరిత్ర వృత్తి కాదు. అయినను నాలుగువందల యేండ్లకు పైగా మూగవోయిన రాణి మాటలు వారి మూలమున మరల వినబడినవి.

ఇప్పుడు మన గృహములను చూచుకొందము. గురువు విద్యను పిడికిటిలో బిగించి యుంచుటను పాళీ గ్రంథములు 'ఆచార్యముష్టి' యని నిందించినవి. ఆ పిడికిలి మన యిండ్లలో నింకను బిగిసియే యున్నది. ఒక పెద్ద తేలుకాటునకు పసరు నెరుగును. పేరు చెప్పినచో గుణము పోవునని యెవ్వరికిని చెప్పడు. చెప్పకపోవుటచేత అది మంచిదో చెడ్డదో పరీక్షించు నవకాశమును లేకపోవును. మంచిదైనచో లోకము నష్టపడును. వట్టిదైనచో వైద్యునియొద్దకు పోవలసిన రోగి నష్టపడును. అటకమీది తాటాకుల కట్టలు ఎవ్వరికిని చూపకుండ పురుగులపాలగుచున్నవి. ఇంటి ఆడుబిడ్డ ఒక సందేహమును చెప్పబోయినచో 'నీకేమి తెలియును?' అని నోరు మూయింతుము. వెంకటలక్ష్మయ్యను వాకిట నిలిపిన కలకత్తా సభకును మనకును అప్పుడు భేదమేమి?

కావున పిల్లలతో చదువునప్పుడు 'నాకు తెలియదు, కలిసి చూతము' అను మాటను సిగ్గుపడక పలుకుదము. వారు తప్పు చెప్పినచో 'ఎట్లు వచ్చినది?' అని త్రోవ నడుగుదము. మన తప్పును వారు దిద్దినచో వారి పేరు చెప్పి యొప్పుకొందము. అటకమీది కట్టను దింపి, దుమ్ము దులిపి, చదువ వచ్చినవారికి చూపుదము. రెండువేల యేండ్ల క్రిందట ఆ రాళ్లమీద శాసనములను చెక్కించిన రాజు వానిని దాచుటకు చెక్కింపలేదు. దారినిపోవువారెల్ల చదువవలెనని చెక్కించెను.