చెకుముకి రాయి, ఇనుప ముక్క



కోహీర్ నేలను ఎరిగినవారికి అక్కడి ఎర్రరాయి సంగతి చెప్పనక్కరలేదు. జహీరాబాద్ మొదలు బీదర్ వరకు అదే రాయి. నేలలో ఉన్నంతసేపు మెత్తగా కోతకు వస్తుంది, బయటికి తీసి గాలికీ ఎండకూ ఉంచితే గట్టిపడుతుంది. ఆ ఎరుపు దానిలోని ఇనుముది. దాని అడుగున నల్లరాయి. ఆ నల్లరాతి సందుల్లో గాజులా నునుపైన గట్టి తెల్లరాళ్లు దొరుకుతాయి. అగ్గిపెట్టె రాకముందు చెకుముకిగా పనికివచ్చినవి అటువంటి రాళ్లే.

చెకుముకి రాతిలో నిప్పు దాగి ఉంటుందని మన పెద్దలు అనుకునేవారు. నిజానికి రాయి మండదు. ఇనుముకంటే గట్టిదైన రాతి అంచు ఇనుప ముక్కను గీసినప్పుడు సన్నని రజను రాలుతుంది. ఆ రజను రాపిడికి వేడెక్కి, గాలి తగిలి మండుతుంది. మనం చూసే నిప్పురవ్వ ఇనుము పోగొట్టుకున్న తునకే! రెండు చెకుముకి రాళ్లను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. మెరుపు మెరుస్తుంది, దూది మాత్రం అంటుకోదు.

మన విచారణలలో ఇటువంటి ఇళ్లు ఎన్ని లేవు! పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. ఒకే గుడికి వస్తారు, చెరొక వైపు కూర్చుంటారు. ఒకరు దివ్యసత్ప్రసాదం తీసుకుంటే రెండోవారు తల తిప్పుకుంటారు. ఇద్దరూ గట్టివారే, ఇద్దరి పక్షానా కొంత న్యాయం ఉంటుంది కూడా. కాని ఎవరూ రవ్వంత పోగొట్టుకోరు. పొయ్యికి వాగులోని తడిరాయి పెట్టవద్దని మన ఇంటి ఆడవారికి తెలుసు. లోపల ఇంకిన నీరు సెగకు ఆవిరై రాయి పగిలిపోతుంది. లోపల దాచుకున్న పగ కూడా పెళ్లిలోనో చావులోనో అలాగే బద్దలవుతుంది.

మక్కబీయుల రెండవ గ్రంథం 10వ అధ్యాయం చదవండి. అన్యులు అపవిత్రం చేసిన దేవాలయాన్ని యూదా మక్కబీయుడూ అతని వారూ శుద్ధిచేశారు. కొత్త పీఠం కట్టి, రాళ్లనుండి నిప్పు తీసి, రెండేండ్లుగా ఆగిపోయిన బలిని మళ్లీ అర్పించారు. నిప్పుకంటే ముందు శుద్ధి జరిగిందని గమనించండి.

మన తల్లి శ్రీసభ పూర్వపు లత్తీను పూజగ్రంథంలో పవిత్ర శనివారం గుడి బయట రాతినుండే కొత్త నిప్పు తీయాలని ఉండేది. అప్పట్లో ఆ కర్మ ఉదయం పూటే జరిగేది. పట్టపగలు వెలిగించిన వత్తి ఎవరికి కనబడుతుంది? 12వ పయస్ పాపుగారు 1955లో చేసిన సంస్కరణతో పాస్క జాగరణ మళ్లీ రాత్రివేళకు వచ్చింది. ఇప్పుడు మనం అగ్గిపుల్ల గీస్తాం, కొన్నిచోట్ల కిరోసిన్ కూడా పోస్తాం. సరే, మంట వస్తుంది. ఆ మంటనుండి వెలిగిన పాస్క వత్తినుండి మీ కొవ్వొత్తి, మీ కొవ్వొత్తినుండి పక్కవారిది వెలగాలి. ఆ పక్కవాడు మీతో మాట్లాడని తమ్ముడైతే?

గుడి ముందు చితుకులు పేర్చకముందే ఇద్దరిలో ఒకరు ఇనుప ముక్క కావాలి. పెద్దవాడే కానక్కరలేదు, తప్పు చేసినవాడే కానక్కరలేదు. ఎవరికి ముందు మనసైతే వారు రెండోవారి గడప తొక్కండి. గట్టు సంగతి ఆ పూట ఎత్తవద్దు. మొదటి మాట ఏమనాలి అంటారా? పిల్లలు బాగున్నారా అని అడగండి.